పొలం కాడ అడగాలె

హైదరాబాద్
అక్టోబరు 1953

ఎర్రవాగుపల్లె పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, మీ ఓట్లతో శాసనసభకు వచ్చిన కొమురెల్లి నమస్కారాలు.

ఈ ఉత్తరాన్ని మా అక్క గంగుబాయి చావడిలో చదివి వినిపిస్తుంది. దూరమున్నవాళ్ళు జర దగ్గరికి వచ్చి కూర్చోండి, అక్క గొంతు చిన్నది.

సభలో ఈసారి నేనేం చేశానో మీకు చెప్పుకోవాలి. చెన్నూరు బాటలో మన వాగు మీద వంతెన గురించి ప్రశ్న వేశాను. 'పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చింది. అంటే ఈ ఏడు కాదని మీరు అనుకోవచ్చు, నేనూ అదే అనుకుంటున్నాను. బడికి రెండో పంతులు మంజూరయ్యాడు. ఇక్కడ ఒకరు ఉర్దూలో, ఒకరు మరాఠీలో, ఇంకొకరు కన్నడంలో మాట్లాడతారు. నేను తెలుగులోనే అడిగాను.

ఇక అసలు సంగతి. కౌలుదార్ల చట్టాన్ని సవరించే బిల్లు వచ్చింది. దాన్ని పరిశీలించే కమిటీలో నేనూ ఒకణ్ణి. ఏళ్ళ తరబడి దున్నుతున్న భూమి మీద కౌలుదారుకు హక్కు రావాలన్నది దాని సారం. అందుకే కొందరు దొరలు ముందే మేల్కొన్నారు. 'నా ఇష్టంతోనే భూమి వదులుకుంటున్నాను' అని కౌలుదార్లచేత రాజీనామాలు రాయించుకుంటున్నారు. మనలో ఎవరూ వాటి మీద వేలిముద్ర వేయకండి. చట్టం మీ దిక్కే వస్తున్నది. భూమిని గట్టిగా పట్టుకోండి.

మీ
కొమురెల్లి

*

ఎర్రవాగుపల్లె
నవంబరు 1953

చిరంజీవి తమ్ముడు కొమురెల్లికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం చదివాను. వంతెన ముచ్చట వచ్చినప్పుడు అందరూ నవ్వారు. భూమి ముచ్చట వచ్చినప్పుడు ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. దొర దగ్గర పనిచేసే పర్శరాములు గోడకు ఆనుకొని నిలబడి చివరిదాకా విన్నాడు. వెళ్ళేటప్పుడు, "మీ తమ్మునికి పట్నం నీళ్ళు వంటవట్టినయి గంగుబాయీ" అన్నాడు. 

మర్నాడు దొర ముత్యాన్ని తన గడికి పిలిపించాడు. ముత్యం తండ్రి నాటినుంచి వాళ్ళే దున్నుతున్న నల్లరేగడి నీకు తెలుసు కదా. దాని మీద రాజీనామా ఇస్తే వాగు ఒడ్డున ఉన్న చెలక భూమి అతడికే వదిలేస్తానని, అది కాగితం మీద రాసిస్తానని దొర చెప్పాడట. ముత్యం తిన్నగా మన ఇంటికి వచ్చాడు. మీ బావ మగ్గం దిగి పీట వేసినా కూర్చోలేదు.

"అక్కా, మన కొమురెల్లి రాసిన కాడ ఇంకోసారి సదువు" అన్నాడు.

చదివాను. 'చట్టం మీ దిక్కే వస్తున్నది' అన్నచోట నన్ను ఆపాడు.

"గిది ఉత్తమాట గాదు గదా?"

"నా తమ్ముడు ఉత్తమాట రాయడు" అన్నాను.

అదే వెళ్ళి దొరకు చెప్పాడు, ఇవ్వనని. ఆనాటినుంచి దొర చాకలిని, మంగలిని వాళ్ళింటికి పోనివ్వడం లేదు. ముత్యం పెండ్లాం కిష్టవ్వ బట్టలు తానే ఉతుక్కుంటున్నది. పొలంలో జొన్న మాత్రం బాగా మొలిచింది.

నీ ఒక్కమాట మీద వాళ్ళు చేతికొచ్చిన చెలక వదులుకున్నారు తమ్మీ. అది యాదిలో పెట్టుకొని పనిచెయ్యి. వేళకు తిను.

అక్క
గంగుబాయి

*

హైదరాబాద్
నవంబరు 1953

అక్కకు కొమురెల్లి దండాలు.

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఒకటి చావడిలో చదవడానికి. ఇది నీ ఒక్కదానికే. చదివి పొయ్యిలో వెయ్యి.

కమిటీలో పని మేమనుకున్నట్టు సాగడం లేదు. 'స్వంత సేద్యం' అని ఒక క్లాజు వచ్చి కూర్చున్నది. దొర తానే వ్యవసాయం చేసుకుంటానంటే కౌలుదారు దున్నే భూమిలోనుంచి కొంత తిరిగి తీసుకోవచ్చట. ఎంత అన్నది ఇంకా తేలలేదు. సగమే కావచ్చు, ఎక్కువే కావచ్చు. నేను ఒప్పుకోనన్నాను. నాతో పాటు ఇద్దరు ముగ్గురున్నారు. మిగిలినవాళ్ళు టీ తాగి సిగరెట్టు కాల్చుకొని, సరే చూద్దామన్నారు.

కమిటీ నివేదిక సభకు వచ్చేదాకా ఈ సంగతి బయట చెప్పవద్దని పార్టీ ఆజ్ఞ. దానిలో కొంత న్యాయం లేకపోలేదు. ఇప్పుడే తెలిస్తే కౌలుదార్లు బెదిరిపోయి, దొరికిందే చాలని వరుసగా వేలిముద్రలు వేస్తారు. అప్పుడు రేపు ఎంత మంచి చట్టం వచ్చినా అనుభవించేవాడు ఉండడు.

అందుకని చావడి కాగితంలో 'పని సాగుతున్నది, ధైర్యంగా ఉండండి' అని మాత్రమే రాశాను. అది చదువు. ముత్యంతో ఈ క్లాజు సంగతి ఏమీ అనకు.

కొమురెల్లి

*

ఎర్రవాగుపల్లె
డిసెంబరు 1953

తమ్మీ,

నీ చావడి కాగితం నేను చదవలేదు. ఉత్తరం రాలేదని చెప్పాను. నా జన్మలో చావడిలో నిలబడి అబద్ధమాడటం ఇదే మొదలు.

కిష్టవ్వ బాయి దగ్గర కలిసి, "ఎమ్మెల్లే ఏం రాసిండు?" అని అడుగుతుంటే నేను బిందె నిండకముందే ఎత్తుకొని వచ్చాను.

ఒక్కటి అడుగుతాను, జవాబు రాయి. ఆ చెలక వదులుకోమని ముత్యానికి చెప్పింది నీ ఉత్తరమే. ఇప్పుడు నల్లరేగడిలో సగం పోయినా, ఎక్కువే పోయినా, ఆ చెలక ఎవరు తెచ్చిస్తారు? నువ్వా, మీ పార్టీయా?

గంగుబాయి

*

హైదరాబాద్
డిసెంబరు 1953

అక్కా,

నీ ఉత్తరం కమిటీ గదిలోనే చదివాను. తర్వాత వాళ్ళేం మాట్లాడారో నా చెవికి ఎక్కలేదు.

నువ్వు ఒక్క ముత్యాన్ని చూస్తున్నావు. నేను తాలూకా అంతా చూడాలి. ఒక ఊళ్ళో బెదురు పుడితే పది ఊళ్ళకు పాకుతుంది. కమిటీలోనుంచి నన్ను తీసేస్తే ఆ క్లాజు మీద గొంతెత్తేవాడు ఒకడు తగ్గుతాడు. ఇవి నీకు చిన్నవిగా కనిపిస్తున్నాయా? నిజాం కాలంలో జైలుకు పోయినప్పుడు కూడా నేనింత పరేషాన్ కాలేదు. అక్కడ ఎదుటివాడు ఎవడో తెలిసేది. ఇక్కడ నాతో కలిసి భోంచేసేవాళ్ళే.

నివేదిక వచ్చేదాకా ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంకొక కబురు విన్నాను. రాజీనామాలు నమోదు చేయడానికి తహసీల్దారు ఊళ్ళు తిరుగుతున్నాడట. మన ఊరికి ఎప్పుడొస్తాడో తెలిస్తే వెంటనే రాయి.

కొమురెల్లి

*

ఎర్రవాగుపల్లె
డిసెంబరు 1953

చిరంజీవి కొమురెల్లికి,

నేను చెప్పేశాను. ముందు ఆ మాట రాసి తర్వాత మిగిలింది రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు కోపంతో సగంలో కాగితం చింపినా అసలు సంగతి తెలిసి ఉండాలి.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే కిష్టవ్వ మనింటికి వచ్చింది. గడప మీద కూర్చొని నా మొహంలోకి చూసింది.

"ఉత్తరం రాలే అంటివి. టప్పా మనిషి ఇచ్చిండని మా ఇంటిపక్కామె జెప్పింది. ఏమున్నదక్కా అండ్ల? మీ తమ్ముడు మంచిగున్నడా?"

నీకేమో అయిందని భయపడి వచ్చింది తమ్మీ. తన భూమి కోసం కాదు. ఇక నా నోరు ఆగలేదు. నీ క్లాజు, స్వంత సేద్యం, సగం, ఎక్కువ, అంతా చెప్పాను. ముత్యాన్ని కూడా పిలిపించాను. విని అతడు చాలాసేపు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ఉన్నాడు.

"అయితే దొర జెప్పిన చెలకే మేలుండెనా?" అన్నాడు.

"నాకు తెల్వదు. కొమురెల్లికి గూడ తెల్వదు" అన్నాను.

కిష్టవ్వ మాత్రం లేచి నిలబడింది. "గా చెలకల రాళ్ళు తప్ప ఏమున్నది? సగం రేగడి దక్కినా ఒక పూట తింటం. పోతదని ముందుగాల్నే ఎరుకైంది గదా, ఇగ భయమెందుకు, బుగులెందుకు? తెల్వకుంట పట్టుకున్ననాడు బుగులైంది. ఇప్పుడు తెలిసి పట్టుకుంటం." మొగుడి దిక్కు తిరిగి, "ఏమంటవ్?" అంది.

అతడు తలూపాడు. "గని తక్కినోళ్ళకు గూడ జెప్పాలె. మనకొక్కలకే ఎరుకుంటె దొంగతనమైతది" అన్నాడు.

మర్నాడు చావడిలో చెప్పాను. నీ ఉత్తరం చదవలేదు, నా నోటితో చెప్పాను. నువ్వు అనుకున్నట్టు అందరూ పోయి వేలిముద్రలు వేయలేదు. ఇద్దరు వేశారు, నిజమే. మిగిలినవాళ్ళు ముత్యం చుట్టూ చేరారు. పర్శరాములు ఈసారి చివరిదాకా వినకుండానే గడి దిక్కు నడిచాడు.

నిన్ను ఇబ్బందుల్లో పెట్టాను. తెలిసే పెట్టాను.

అక్క

*

హైదరాబాద్
జనవరి 1954

అక్కా,

కబురు నీ ఉత్తరం కంటే ముందే వచ్చింది. మన దొర రాసిన ఫిర్యాదు పార్టీ కార్యాలయంలో నా ముందు పెట్టారు. కమిటీ రహస్యం ఎర్రవాగుపల్లె చావడిలో ఎలా వినిపించిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఒక కాగితం జరిపారు.

అందులో ఏముందంటే, నేను ఏ రహస్యమూ రాయలేదట. మా అక్కకు చదువు అంతంత మాత్రమేనట. ఏదో రాస్తే ఏదో చదివి జనాన్ని తప్పుదారి పట్టించిందట. కింద నా సంతకం కావాలి. సంతకం పెడితే కమిటీలో ఉంటాను, బిల్లు మీద మాట్లాడతాను. లేకపోతే రెండూ ఉండవు.

పార్టీ పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, "ఆమె మీ అక్కే కదా, ఏమీ అనుకోదు" అన్నాడు.

అక్కా, ఆ కాగితం నా గదిలో బల్ల మీద ఉంది. నేను నీ మీద కోపంగానే ఉన్నాను, దాచను. ఆగమన్నాను, ఆగలేదు. కానీ మన నలుగురు తోబుట్టువుల్లో చదువుకోవాలని ఏడ్చింది నువ్వొక్కదానివే. నేను బడినుంచి రాగానే నా పలక గుంజుకొని అక్షరాలు దిద్దేదానివి. చదువు రాదని నీ మీద నేనే రాసివ్వాలా? మరోపక్క, ఈ ఒక్క అబద్ధంతో కమిటీలో నా కుర్చీ నిలిస్తే, ఆ కుర్చీలోనుంచి క్లాజును కొంతైనా కుదించగలనేమో. నీకు పోయేదేముంది, కొందరి ముందు పేరు తప్ప, అని కూడా అనిపిస్తున్నది. అనిపించినందుకు అసహ్యంగా ఉంది.

ఏం చెయ్యమంటావు?

కొమురెల్లి

*

ఎర్రవాగుపల్లె
జనవరి 1954

తమ్మీ,

పెట్టదలిస్తే సంతకం పెట్టు. నాకేమీ కాదు. కానీ ఆ కాగితం ఒక నకలు తీసుకొని నువ్వే ఇక్కడికి రా, చావడిలో నిలబడి నువ్వే చదువు. నాకు చదువు రాదు కదా.

ఈ రెండు మాటలు రాసి ఆపుదామనుకున్నాను. కానీ నిన్న జరిగింది నీకు తెలియాలి.

తహసీల్దారు వచ్చాడు. ముందుగా ఎవరికీ చెప్పలేదు. గుర్రం దిగి తిన్నగా గడిలోకి పోయాడు. యువకుడు, ఔరంగాబాద్ దిక్కువాడట, తెలుగు కొద్దిగా వచ్చు. పర్శరాములు ఇద్దరు మనుషులతో వచ్చి ముత్యాన్ని పొలంలోనుంచే తీసుకుపోయాడు. గడి తలుపు మూశారు.

కిష్టవ్వ ఉరుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది. మేమిద్దరం పోయేసరికి తలుపు ముందు నలుగురైదుగురు ఉన్నారు. లోపలినుంచి మాటలు వినిపించడం లేదు. నిలబడ్డాం. జనం పెరుగుతున్నారు. మీ బావ మగ్గం ఆపి వచ్చాడు, పొలాలనుంచి మిగిలిన కౌలుదార్లు వచ్చారు. ఎవరూ అరవడం లేదు.  లోపల కొట్టి వేలిముద్ర వేయించుకుంటున్నారేమో, ఎవరికి తెలుసు?

కిష్టవ్వ ఒక్కసారిగా తలుపు మీద రెండు చేతులతో బాదింది.

"సారూ! ఓ సారూ! భూమి గాడున్నది! గీడ అడుగుతవేంది? పొలం కాడ అడగాలె!"

ఆ మాట వెనకనున్న వాళ్ళు అందుకున్నారు. "పొలం కాడ అడగాలె, పొలం కాడ అడగాలె" అని. గొడవ కాదు తమ్మీ, ఏదో పని చేసేటప్పుడు కలిసి అన్నట్టు అన్నారు. ఎంతసేపన్నారో చెప్పలేను.

తలుపు తెరుచుకుంది. ముందు ముత్యం వచ్చాడు. అతడి బొటనవేలు నల్లగా ఉంది. సిరా పూసి ఉంది. కిష్టవ్వ ఆ వేలు చూసి మెట్ల మీదే కూలబడింది.

"ఏసినవా?" అంది.

"ఎయ్యలే" అన్నాడు ముత్యం.  "పర్శరాములు ఏలు వట్టుకొని సిరా రాసిండు. కాయితం మీదికి గుంజుతుంటె నీ గొంతు ఇనొచ్చింది. పిడికిలి బిగవట్టిన."

తహసీల్దారు వాకిట్లోకి వచ్చి జనాన్ని చూశాడు. దొర పక్కనే ఉండి, "మూర్ఖులు సార్, లోపలికి రండి, భోజనం చల్లారుతుంది" అన్నాడు. ఆ పిల్లగాడు కాసేపు ఆలోచించాడు. తలలో ఏం తిరిగిందో దేవుడికే తెలియాలి. "చలో, పొలం చూపియ్యి" అన్నాడు ముత్యంతో.

ఊరంతా వెంట నడిచాం. జొన్న నడుము దాకా ఎదిగి పచ్చగా ఉంది. గట్టు మీద నిలబడి తహసీల్దారు ఉర్దూ కలిసిన తెలుగులో అడిగాడు. "ముత్యం, ఈ జమీన్ నీ ఖుషీతోని ఇడుస్తున్నవా?"

ముత్యం చుట్టూ ఉన్నవాళ్ళను చూడలేదు, దొరను చూడలేదు. జొన్న దిక్కు చూసి, "ఇడువ" అన్నాడు.

"మళ్ళ జెప్పు."

"ఇడువ సారూ."

తహసీల్దారు కాగితం మీద ఏదో రాసుకొని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడిలో భోజనానికి ఆగకుండానే గుర్రమెక్కాడు.

రాత్రి పొలంలోకి పశువులను తోలారు. ఎవరు తోలారో నేను రాయను, చూసినవాళ్ళు లేరు. ఒక మూల జొన్న పూర్తిగా నేలపాలైంది. అయినా ఈ పొద్దు కిష్టవ్వ మనింటికి వచ్చి అడిగింది, నీ దగ్గరనుంచి ఉత్తరం వచ్చిందా అని. వచ్చిందన్నాను. నీ బల్ల మీద కాగితం సంగతి మాత్రం చెప్పలేదు. అది నువ్వు చెప్పవలసిందే.

గంగుబాయి

*

హైదరాబాద్
ఫిబ్రవరి 1954

ఎర్రవాగుపల్లె వాళ్ళందరికీ కొమురెల్లి నమస్కారాలు.

అక్కా, ఇది మొత్తం చదువు. ఒక్క ముక్క వదలవద్దు. నీ మీద రాసింది కూడా.

సభలో జరిగిన పని చెప్పుకోవడం నా బాధ్యత. కిందటిసారి సగమే చెప్పాను. 'చట్టం మీ దిక్కే వస్తున్నది' అని రాసినప్పుడు నేను నమ్మే రాశాను. తర్వాత నమ్మకం సడలినా మీకు చెప్పలేదు. మా అక్క చెప్పింది. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. ఆమెకు చదువు రాదని రాసివ్వమని నన్ను అడిగారు. ఒక రాత్రంతా ఆ కాగితం ముందు కూర్చున్నాను, అది కూడా మీకు తెలియాలి. పొద్దున అక్క ఉత్తరం వచ్చింది. కాగితాన్ని సంతకం లేకుండానే తిరిగి ఇచ్చాను. ఆ మధ్యాహ్నమే నన్ను కమిటీనుంచి తీసేశారు.

బిల్లు సభకు వచ్చింది. సభ్యుడిగా సవరణ పెట్టే హక్కు నాకు ఇంకా ఉంది. ఒకటి పెట్టాను. భూమి వదులుకుంటానన్న కౌలుదారును అధికారి ఆ భూమి మీదనే, ఊరివాళ్ళ ముందు అడగాలి. దొర ఇంట్లో తీసుకున్న వేలిముద్ర చెల్లదు. ఇంతే. ఈ మాట నాది కాదని, మా ఊళ్ళో కిష్టవ్వ అనే ఆమె గడి తలుపు బాదుతూ అన్నదని సభలో చెప్పాను. కొందరు నవ్వారు. సిరా పూసిన వేలు సంగతి చెప్పాక నవ్వు ఆగింది.

ముందు గొంతులతో ఓటు తీసుకున్నారు. 'కాదు' అన్నవాళ్ళ గొంతే పెద్దదిగా వినిపించింది. నేను లెక్కపెట్టాలని పట్టుబట్టాను. అనుకూలంగా ఉన్నవాళ్ళు నిలబడాలన్నారు. నేను నిలబడ్డాను. నా పార్టీ బెంచీల మీద ఇంకెవరూ లేవలేదు. ఎదుటి బెంచీలవాళ్ళు లేచారు. తర్వాత మా వెనక వరుసలో, మరాఠ్వాడా దిక్కు ముసలాయన ఒకడు, కమిటీలో నాతో ఎన్నడూ మాట్లాడనివాడు, కర్ర పట్టుకొని నెమ్మదిగా లేచాడు. అయినా ఓడిపోయాం. చాలా తేడాతో ఓడిపోయాం.

స్వంత సేద్యం క్లాజు నెగ్గింది. ఇక నేను మెత్తగా చెప్పను. దొర అడిగితే ముత్యం పొలంలో కొంత పోవచ్చు. అంతా పోదు. మిగిలినదాని మీద అతడికి హక్కు పుడుతుంది, దాన్ని కొనుక్కునే దారి కూడా చట్టంలో ఉంది. దొర ముందుగా దరఖాస్తు పెట్టాలి, విచారణ జరగాలి. ఆ విచారణకు నేను వచ్చి మీ పక్కన నిలబడతాను. రాజీనామా ఇచ్చిన ఆ ఇద్దరి కోసం నేనేమీ సాధించలేకపోయాను. వాళ్ళు చావడిలో ఉంటే నా మాటగా క్షమాపణ చెప్పు అక్కా.

వచ్చే ఎన్నికల్లో పార్టీ నన్ను నిలబెట్టదని చెప్పేశారు. వంతెన ఇంకా పరిశీలనలోనే ఉంది.

మీ
కొమురెల్లి

*

ఎర్రవాగుపల్లె
ఫిబ్రవరి 1954

చిరంజీవి తమ్ముడు కొమురెల్లికి అక్క గంగుబాయి దీవెనలు.

మొత్తం చదివాను. నా మీద రాసింది కూడా ఒక్క ముక్క వదలలేదు. రాజీనామా ఇచ్చిన ఇద్దరిలో ఒకడు హనుమండ్లు వచ్చాడు. నీ క్షమాపణ విని, "ఆయనదేం తప్పు, నా ఏలే గదా" అని లేచిపోయాడు. రెండోవాడు రాలేదు.

 కొంత పోతుందన్న మాటకు ముత్యం పుల్లతో నేల మీద గీతలు గీయసాగాడు. ఎంత పోతుందో, ఏ దిక్కుది పోతుందో మనసులో గట్లు గీసుకుంటున్నాడని అర్థమైంది. ఎవరో నిట్టూర్చి, "అయితె ఓడిపోయినట్టేనా?" అన్నారు.

అప్పుడు కిష్టవ్వ ముందుకు జరిగి నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"అక్కా, ఓడిపోయిన కాడ ఇంకోసారి సదువు."

"ఎందుకే?" అన్నాను.

"మన మాటకు లేసి నిలవడ్డోళ్ళున్నరు గదా. గా ముసలాయన కర్ర వట్టుకొని లేసిండంటివి. మెల్లగ సదువు. నాకు ఆయన కానస్తున్నడు."

మెల్లగా చదివాను తమ్మీ.